దర్జీ చాచా గీసిన గుట్టదారి

గుట్టలెక్కడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. అజీర్తికి మందడిగితే డాక్టరు గారు సీసా ఇవ్వకుండా "పొద్దున్నే గుట్టెక్కి దిగు" అన్నారు. చెప్పడానికి ఆయన సొమ్మేం పోయింది! అప్పుడు నేను రాంగోపాల్‌పేటలో బడిపంతులుని. నాతో రావడానికి ఒప్పుకున్నది ఒక్కరే, రెజిమెంటల్ బజార్‌లో మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టే దర్జీ చాచా. ఆయనకి అరవై దాటాయి, అజీర్తి లేదు. నాకు తోడుగా ఊరికే వచ్చేవాడు.

కంటోన్మెంట్ దాటితే బండమీద బండ, బండపక్కన బండ. ఏ దారి ఎటు పోతుందో తెలిసి చచ్చేది కాదు. మొదటి వారంలోనే దారి తప్పి, ఎవరిదో గేదెల కొట్టంలో తేలాం. దాంతో చాచా బట్టమీద కొలతలు గీసే సుద్దబిళ్ల జేబులోంచి తీసి బండలమీద గుర్తులు పెట్టాడు. ఆయనకొచ్చిన గుర్తులు కుట్టుపనివే మరి! ఇంటూ పెడితే 'ఇక్కడ కత్తిరించు', అంటే అటు పోవద్దని. చుక్కల గీత 'మడత', అంటే ఇక్కడ తిరగమని. వాన పడి చెరిగిపోయినప్పుడల్లా ఓపిగ్గా మళ్లీ గీసేవాడు.

పైకి చేరేముందు రెండు బండల మధ్య ఒక సందు ఉండేది. ఒక్క మనిషే పడతాడు. అక్కడ రోజూ ఒకటే తంతు.

"పహలే ఆప్, పంతులూ."

"అయ్యో, పెద్దవారు, మీరు పదండి చాచా."

"గట్లెట్ల? మీరు చదువుకున్నోళ్లు."

ఈ మర్యాదలతోనే పావుగంట గడిచేది. ఒకరోజు వెనక వచ్చిన మేకలు విసిగిపోయి మా ఇద్దరినీ తోసుకుని వెళ్లిపోయాయి.

పోలీస్ యాక్షన్‌తో మూతపడ్డ బడిని కొన్ని వారాలకు తెరిచారు, నా అజీర్తీ తిరిగొచ్చింది. మళ్లీ గుట్టెక్కడం మొదలుపెట్టాం. ఫలానా ఆయన్ని పట్టుకుపోయారని, ఫలానా ఆయన జాడ లేదని ఊళ్లో వినేవాళ్లం. టోపీ, గడ్డం కనిపిస్తే చాలు మిలిటరీవాళ్లు ఆపుతున్నారనీ వినేవాళ్లం. చాచాకి రెండూ ఉన్నాయి. కొన్నాళ్లు ఇంట్లో ఉండమంటే నవ్వేసేవాడు. నాకు మాత్రం లోపల భయంగానే ఉండేది.

ఆ పొద్దున సందు దగ్గర మా "పహలే ఆప్" సగంలో ఉండగా, అవతలి నుంచి తుపాకీ గొట్టం బయటికొచ్చింది. దాని వెనక ఒక సుబేదారు, ఇద్దరు సిపాయిలు. రాత్రి నుంచీ ఆ గుర్తుల దగ్గర కాపలా కాస్తున్నారట. సుబేదారు నోటుబుక్కులో మా ఇంటూలూ చుక్కలూ అన్నీ ఎక్కించి ఉన్నాయి. అవి రజాకార్ల సంకేతాలని ఆయన నమ్మకం.

"ఎవరు గీశారు?" అని హిందీలో గద్దించాడు.

చాచాను తీసుకుపోతే ఏ జైల్లో వెతకాలి? "నేనే" అన్నాను.

"కాదు సాబ్, నేను. పంతులు గీస్తే గీత వంకర పోతది" అన్నాడు చాచా.

నాకు ఒళ్లు మండింది. ప్రాణాలమీదికొస్తే ఈయనకి పనితనం కావలసి వచ్చింది!

"ఈ ఇంటూకి అర్థం?"

"కత్తిరించాలె సాబ్."

"ఎవరిని?"

"బట్టను."

"ఈ గుట్టమీద బట్టెక్కడుంది?"

ఒక సిపాయి చాచా రెక్క పట్టుకున్నాడు. చాచా మాత్రం సుబేదారు కోటునే చూస్తున్నాడు.

"ఎవడు కుట్టిండు సాబ్ గిది? ఎడమ భుజం జారింది. చెయ్యి లేపితె చంకల బిగుస్తలేదా?"

అంటూనే సుద్దబిళ్ల తీసి, నేను వద్దనేలోపే, ఆ కోటు చంక దగ్గర ఇంటూ, భుజంమీద చుక్కలు గీసేశాడు. ఇక అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి సుబేదారు చేయి ఎత్తి, దించి చూసుకుంటున్నాడు. నోటుబుక్కు చూశాడు, కోటు చూశాడు, మళ్లీ నోటుబుక్కు చూశాడు.

"కుట్టించినప్పటినుంచీ బిగుస్తోంది" అన్నాడు నీరసంగా.

కోటు విప్పి చాచా చేతిలో పెట్టి, గురువారానికల్లా కావాలన్నాడు.

"గురువారం కాదు సాబ్, జెర తక్లీఫ్. శుక్రవారం నమాజ్ అయినంక ఇస్త."

తుపాకుల ముందు కూడా దర్జీ బుద్ధి పోనిచ్చుకోలేదు మహానుభావుడు! సుబేదారు శుక్రవారానికి ఒప్పుకుని, నోటుబుక్కులోని ఆ కాగితాలు చింపేసి, మమ్మల్ని పొమ్మన్నాడు. గుట్ట దిగుతున్నంతసేపూ నేను పడీపడీ నవ్వాను. చాచా మాత్రం కోటు మడిచి చంకలో పెట్టుకుని, వెనక్కి చూస్తూ చూస్తూ దిగాడు.

మర్నాడు మళ్లీ వెళ్లాం. సందు దగ్గరికి రాగానే, అలవాటుకొద్దీ, "మీరు పదండి చాచా" అన్నాను.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరే పోన్రి పంతులూ. గిది మర్యాదకు కాదు. అవతల మల్ల ఎవలన్న ఉంటె, ముందుగాల మీ బొట్టు కనవడాలె."

ముందు నేను, వెనక ఆయన. సందు దాటడానికి ఆ రోజు మాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.