ముర్రుపాల జిడ్డు

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్ళో ఒక మిట్టమధ్యాహ్నం మా బర్రె తొలిసారి ఈనింది. నెత్తురు, పేడ, తడిసిన గడ్డి అన్నీ ఎండకు కలిసి ఉడికినట్టు కొట్టమంతా ఒకటే కంపు. గౌను అంచుతో ముక్కు మూసుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

అప్పుడే పుట్టిన దుడ్డె ఒళ్ళంతా జిగురు. లేవబోయి కాళ్ళు జారి మళ్ళీ అందులోనే పడుతోంది. తల్లికి వెనక మాయ సగం వేలాడుతోంది... దాని నిండా ఈగలు.

పక్కింటి పెద్దవ్వ గోడ మీది నుంచి తొంగి చూసింది. "మాయ పడేదాంక పాలు ముట్టియ్యకుండ్రి. బర్రెకు మోసమైతది" అంది. మా బాపు తలూపాడు.

మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, బీడీల చాట పక్కన పెట్టి లేచింది. "పోయినేడు ఆవుదూడ గిట్లనే సచ్చిపాయె. మాయ పడేసరికి దానికి నోరు తెరిచే బలం గూడ లేకపాయె. ఇప్పుడు ఎవ్వలు చెప్పినా ఇన."

తన్నబోతున్న బర్రెను బాపు పలుపుతో గట్టిగా పట్టుకున్నాడు. అవ్వ చేతులు కడుక్కుని చిన్న సర్వలోకి ముర్రుపాలు పిండింది.

అవి పాలా?... పసుప్పచ్చగా, చిక్కగా, అచ్చం చీములా సాగుతున్నాయి.

అవ్వ దుడ్డె తల ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు పాలలో ముంచి దాని నోట్లో పెట్టింది. అది తల విదిలించింది. బీడీలు చుట్టే ఆ వేళ్ళకు ఎంత కడిగినా పోని తంబాకు చేదు మరి!

"బిడ్డా, నువ్వు రా. నీ ఏళ్ళు పెట్టు."

"ఛీ! నేను పెట్టనవ్వా... వాంతొస్తది."

"వస్తే అటు దిక్కు కక్కి రా. ముందుగాల ఏళ్ళు పెట్టు."

పెట్టాను. వెచ్చటి చొంగ, గరుకు నాలుక... పాలు మోచేతి దాకా కారాయి. నిజంగానే పోయి కక్కాను. నోరు కడుక్కుని వచ్చి, ఏడుస్తూ మళ్ళీ పెట్టాను. ఈసారి దుడ్డె గట్టిగా చప్పరించింది. అవ్వ దాని మూతిని మెల్లగా సర్వలోకి వంచింది. కాసేపటికి సర్వ ఖాళీ. ఇంకాసేపటికి దుడ్డె వణుకుతూనే లేచి నిలబడింది.

సాయంత్రానికి మాయా పడిపోయింది. బర్రెకు ఏమీ కాలేదు.

పెద్దవ్వ గిన్నె పట్టుకుని జున్నుపాలకు వచ్చింది. "మా దుడ్డె తాగంగ మిగిలినయి అక్కా" అని అవ్వ గట్టిగా చెప్పి మరీ పోసింది. ఆ జున్ను నేను మాత్రం ముట్టలేదు. సబ్బు అరిగేలా రుద్దినా చేతులకు ఆ నీచు పోలేదు.

ఆ తర్వాత వాడకట్టులో ఎవరింట బర్రె ఈనినా, పెద్దవ్వ "దుడ్డె తాగిందా?" అని అడిగాకే గిన్నె చాచేది.

మొన్న కామారెడ్డిలో రోడ్డు పక్కన ఒకతను సీసాల్లో జున్నుపాలు అమ్ముతూ కనిపించాడు. ఒకటి చేతిలోకి తీసుకుని, "దుడ్డెకు తాపినవా అన్నా?" అని అడిగాను.

"పోతుదుడ్డె అక్కా... రేపోమాపో కోతకు పోయేదే. దానికెందుకు?" అని నవ్వాడు.

సీసా అక్కడే పెట్టేశాను. కొట్టంలో కక్కిన రోజు కూడా నాకింత రోత పుట్టలేదు.

జున్ను ఇప్పుడు ఏ రోజు కావాలన్నా దొరుకుతోంది... అది ఏ దుడ్డె నోటి ముందు నుంచి వచ్చిందో అడిగేవాళ్ళే కనిపించడం లేదు.

మీ కొట్టంలో ఆ తొలి పాలు తాపింది ఎవరు? ఆ జిడ్డు మీ చేతులకూ అంటిందా?... చెప్పండి, వినాలని ఉంది.