రేషన్ పంచెతో దొరసాని గౌను

ఇది రాజ్యాలు కూలి, వంశాలు నిలిచిన వీరగాథ. నిజానికి ఏదీ కూలలేదు. నేనొక గౌను కుట్టాను, అంతే.

తిరువళ్ళూరులో మా కాలేజీ నాటకాల్లో రెండేళ్లపాటు నా పని తెర లాగడం. బాగా లాగుతానని పేరు కూడా ఉండేది. మూడో ఏడు రెండువందల ఏళ్లనాటి ఇంగ్లీషు దొరసాని వేషం నాకు దక్కింది. దానికి పొడుగు మనిషి కావాలట. పొడుగొక్కటే నాకున్న ప్రతిభ. నాటకం వేయించే మేడం షరతు ఒకటే: శుక్రవారం పొద్దుటికి తెల్లగౌనుతో రాకపోతే దొరసాని ఇంకొకరు, నేను మళ్ళీ తెర దగ్గర.

తిరుత్తణిలో మా ఇంట్లో తెల్లగుడ్డకు కొదవలేదు. పొంగలుకు రేషన్ షాపులో ఇచ్చే పంచెలు బీరువాలో మడత విప్పకుండా పేరుకుపోయి ఉంటాయి. నాయన వాటిని కట్టడు, ఇంకొకరికి ఇవ్వనివ్వడు. మూడు తీశాను. ఫోనులో చూస్తే ఆ గౌనుకు నడుము ఉండాల్సిన చోట లేదు, రొమ్ము కిందనే ఉంది. కొలత తప్పారేమోనని ఇంకో రెండు వీడియోలు చూశాను. అందరూ ఒకేలా తప్పారు. అమ్మ రవికె పరిచి దాని ప్రకారం పైభాగం కత్తిరించి, కింద లంగాకు పెట్టినట్టు కుచ్చులు పెట్టి కలిపాను. పలచగా ఉందని రెండు పొరలు వేశాను. మెడ చుట్టూ లంగా నాడా దూర్చాను. బుట్టచేతుల్లో ఒకటి బుట్టంత వచ్చింది, ఇంకొకటి గిన్నెంత.

గురువారం సాయంత్రం తొడుక్కుని ఇంటి మధ్యలో నిలబడ్డాను. అవ్వ ఆకువక్క నములుతూ చాలాసేపు చూసింది.

"నైటీ బాగుండాది," అనింది.

నైటీ కాదు, దొరసానులు విందులకు వేసుకుపోయేదని చెప్పాను.

"విందుకు నైటీతోనా పోతారు, పాపం," అని దొరసానుల మీద జాలిపడింది. అమ్మ మాత్రం జేబు ఎందుకు పెట్టలేదని అడిగింది.

కొత్తబట్టకు పసుపు పెట్టకుండా కట్టడం మా ఇంట్లో లేదు. మామూలుగా లోపలి మూలన చిన్న బొట్టు పెడతారు. శుక్రవారం నేను లేచేసరికి అవ్వ గౌను ఎదపైన నడిమధ్యన రూపాయి బిళ్ళంత పెట్టేసింది.

"ఎవురూ చూడని తావులో పెట్టకూడదా అవ్వా?"

"మరి దేవుడెట్ట చూసేది?"

రైలుకు గంట ఉంది. బట్టల సబ్బు తెచ్చి రుద్దాను. పసుపు పోలేదు, ఎర్రబడింది. గట్టిగా రుద్దితే ఇంకా ఎర్రబడింది. గుండెలో కత్తి దిగిన దొరసాని తయారైంది. నాటకంలో ఆ సీను లేదు. కాళ్ళూ చేతులూ ఆడలేదని రాయాలి గానీ, ఆడాయి. రైలు అందుకోవాలి కదా. తడి గౌనును ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాను. కాలేజీలో బట్టలు మార్చుకునే చోటు లేదు గనుక ఇంట్లోనే తొడుక్కున్నాను.

గడప దగ్గర అవ్వ ఆపింది. "యాడికే ఇట్ట? తుండు కప్పుకోని పో."

మా వీధిలో నైటీతో పాలకు వెళ్ళే ఆడవాళ్ళందరూ భుజాల మీద తుండు వేసుకుంటారు. తుండు పడితే నైటీ మర్యాదస్తుల బట్ట అవుతుంది. నాయన తెల్లతుండు నా భుజాల మీద పడింది. రెండు కొసలూ ముందుకు లాక్కుంటే మరక కనబడలేదు. తిరువళ్ళూరు దాకా పట్టుకున్న చేయి వదల్లేదు.

మేడం నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. బుట్టచేయి దగ్గర ఆగింది, గిన్నెచేయి దగ్గర ఇంకాసేపు ఆగింది. తర్వాత తుండు చూసి ముఖం విప్పారింది.

"షాలు కూడా తెచ్చావే! ఆ కాలంలో షాలు లేకుండా గడప దాటేవాళ్ళు కాదు."

"మా వీధిలోనూ దాటరు మేడం," అన్నాను.

వేషం నాదే అయింది. ఆరోజు నాటకమంతా తుండు గుప్పిట పట్టుకునే మాట్లాడాను. దొరసాని బిడియం చాలా సహజంగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి గౌను ఉతికి మిద్దె మీద ఆరేశాను. రెండు రోజుల ఎండకు మరక దానంతటదే పోయింది. పసుపు మరకకు సబ్బు రుద్దక్కర్లేదు, ఎండలో వేస్తే చాలు.