చుక్కలు లేని జాగ

రెండేళ్లుగా చేస్తున్న పని ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పలేని మొద్దును నేను. లోకం ఎదుటివాళ్లకు చుక్కలు చూపిస్తుంది. నేను చుక్కలు తక్కువున్న చోట్లు చూపించి జీతం తీసుకుంటాను. అంతరిక్ష టెలిస్కోపు కెమెరాను సరిచూడటానికి అలాంటి ఆకాశం కావాలి. "ఖాళీని చూడటానికి అంత సమయమా?" అని పైవాళ్లు, అలాంటి చోట్లతో నేను రాసిన జాబితాను పక్కన పెట్టారు. సోమవారం మళ్లీ జవాబు చెప్పుకోవాలి.

గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన, ఒళ్లో చీరల మూటతో కూర్చున్నాడు. నేతపని. ఆయనకు ఇదంతా ఆత్మకూరు దాకా వివరించాను.

ఆయన కండక్టర్‌ను పిలిచాడు. "ఈ సారు ఖాళీ జాగ చూపిస్తే జీతమిస్తరంట."

"మన బస్సుల గూడ జర చూపియ్యమను పెద్దయ్యా," అన్నాడు కండక్టర్, నిలబడ్డవాళ్లను తోసుకుంటూ.

నవ్వులు ఆగాక పెద్దాయన ఒక చీర తీసి, బుటాలు లేని సాదా భాగాన్ని కిటికీ వెలుగుకు పట్టాడు. "మగ్గం తప్పు బుటాల నడుమ దాక్కుంటది సారూ. సాదా జాగల దొరికిపోతది. నేను ముందుగాల గిదే చూస్త. గీ ముచ్చటకు ఆత్మకూరు దాక జెప్పాల్నా?"

ఆ నేతలో ఒక్క తప్పు లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

సోమవారం ఆ మాటే చెప్పాను: కెమెరా మచ్చలు చుక్కల నడుమ దాక్కుంటాయని. జాబితా ఒప్పుకున్నారు. బస్సంతా నన్ను చూసి నవ్వేలా చేసినందుకు ఆయన మీద కసి మాత్రం తీర్చుకున్నాను. జాబితాలో అన్నిటికంటే శుభ్రమైన ఆకాశానికి, ఆయనను అడక్కుండానే, 'గద్వాల చీర' అని పేరు పెట్టాను. ఇక ఆ కెమెరా ముందుగాల చూడాల్సింది దాన్నే.