బుగ్గలు తెచ్చిన మాత్రలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మందుకి ఉబ్బిన నా మొహం నాకు నచ్చింది. డాక్టరుగారు అది మందు చేసే చెరుపన్నారు, అమ్మ ఖర్మ అంది. నేను మాత్రం తలుపు గడియ పెట్టి, అద్దం ముందు బుగ్గలు వేలితో నొక్కి చూసుకునేదాన్ని. ఇరవై ఏళ్లు దాటాక నాకు బుగ్గలు రావడం అదే మొదలు.

అంతకుముందు కీళ్లు వాచి కలం పట్టడమే కష్టమైంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీదికి తిరగబడిందని ఆసుపత్రిలో చెప్పి, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. ఉప్పు తగ్గించమన్నారు. మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందన్నారు. కొద్ది రోజుల్లోనే వాపు తగ్గి వేళ్లు వంగాయి, డైరీ మళ్లీ మొదలైంది. కానీ మాత్రలు తెచ్చిన ఆకలికి అందులో రాసేదంతా తిండి గురించే. ఉప్పులేని పప్పు కూడా గిన్నె గీకి తినేదాన్ని. నవల్లో ఎవరైనా కాఫీ తాగితే ఇక్కడ నాకు ఇడ్లీలు కావాలి.

మేముండే హిందీవాళ్ల ఊరు మరోదాలో మా వరస క్వార్టర్లకి ఒక పద్ధతి ఉండేది. పక్కింటివాళ్లు గిన్నెతో వచ్చి ఏది అడిగినా లేదనకూడదు. పంచదార, టీపొడి, ఆఖరికి జ్వరం మాత్రలు కూడా అలాగే ఇల్లు మారేవి. ఒక ఉదయం పక్క క్వార్టరు పిన్నిగారు గిన్నెతో వచ్చారు. వాళ్లమ్మాయిది నా ఈడే, ఈనుపుల్లలా ఉండేది.

"ఏటి అక్కా, నీ కూతురు బూరెలా పొంగిపోనాది! ఏటి పెడతన్నావేటి?"

"ఏటీ లేదు. ఆసుపత్రి మాత్తర్లు."

"అయితే నాలుగు ఇచ్చీ. మాదాన్ని కాలేజీలో సూకీ లక్డీ, ఎండుపుల్లా అని ఒకటే ఏడిపిస్తన్నారు."

వచ్చిన గిన్నెని ఖాళీగా పంపడం అమ్మకి చేతకాదు. పైగా మాత్రలు తగ్గితే నా మొహం కాస్త దిగుతుందని ఆశ కూడానేమో. అలమరలోంచి పొట్లం తీసి గిన్నె మీద వంచింది. మాత్రలు టింగుమన్నాయి.

నేను వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చి మాయమైపోయే రకాన్ని. ఆ చప్పుడు వినగానే మళ్లీ కలం పట్టలేని చెయ్యి గుర్తొచ్చింది. పాపం, ఆ పిల్ల మొహం కూడా.

"వద్దు!" అన్నాను. అరిచానట. కంగారులో నాకు తెలుగు అంతవరకే వచ్చింది, మిగతాదంతా హిందీయే. "యే తాకత్ కీ గోలీ నహీఁ హై, ఆంటీ! సూజన్ హై, సూజన్!"

"వాపా?" అన్నారు పిన్నిగారు, నా బుగ్గల్ని అనుమానంగా చూస్తూ.

"వాపే," అని తెలుగులోకి దిగాను. "ఇవి బలం మాత్రలు కావు. మీ అమ్మాయి వేసుకుంటే లేని జబ్బులొస్తాయి. నాకు తక్కువైతే ప్రాణం మీదికొస్తుంది."

అమ్మ గబగబా మాత్రలు ఏరి పొట్లం కట్టేసింది. "ఇంత సంగతి నాకు చెప్పలేదేటే?"

"డాక్టరుగారు నీ ఎదురుగానే చెప్పారు. నువ్వు ఉప్పు దగ్గరే ఆగిపోయావు."

పిన్నిగారు పకపకా నవ్వారు. అమ్మ గిన్నె కడిగి, నిండా చేగోడీలు పోసి ఇచ్చింది. నా కళ్లు వాటి వెంటే వెళ్లడం పిన్నిగారు పసిగట్టేశారు. గిన్నె మీద కొంగు కప్పుకుని, గుమ్మం దగ్గర ఆగి అన్నారు:

"మాత్తర్లు వద్దులే గానీ, మధ్యాన్నం మాదాన్ని పంపిస్తాను, నీ పక్కన కూర్చోబెట్టుకుని తినమ్మా. నిన్ను చూసైనా దానికి ఆకలి పుడతాది."