ఎల్లం బిడ్డ ఆపని పెళ్లి

మెదక్‌లో ముహూర్తం పెట్టేది పంతులే గానీ, పుస్తె ఎప్పుడు కట్టాలో చెప్పేది మాత్రం ఫోటోగ్రాఫరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ కెమెరా పట్టినవాళ్లకే బాగా నప్పుతుంది. పెళ్లికొడుకు పుస్తె ఎత్తగానే "ఆగుండ్రి పంతులూ" అని ఒక కేక పడుతుంది. సన్నాయి, డోలు మోగుతూనే ఉంటాయి. పెళ్లికొడుకు మాత్రం పుస్తెను పిల్ల మెడ దగ్గర అలాగే పట్టుకుని కెమెరాకు పళ్లు చూపించాలి. ఫ్లాషులన్నీ అయ్యాక "ఇగ కట్టుండ్రి" అని సెలవవుతుంది. అప్పుడు కడతాడు.

ఈ అలవాటును ఊరికి అంటించింది రాందాస్ చౌరస్తా దగ్గర స్టూడియో ఉన్న ఎల్లం. రీలు కెమెరాల కాలంలో ఒక పెళ్లిలో సరిగ్గా పుస్తె కట్టే వేళకు అతని రీలు అయిపోయింది. కొత్తది ఎక్కించేలోపు మూడు ముళ్లూ పడిపోయాయి. పుస్తె లేని ఆల్బమ్ తీసినోడని ఊరు ఏళ్ల తరబడి ఎకసెక్కం చేసింది. ఆ దెబ్బతో అతను పంతులునే ఆపడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ పట్టుకున్నారు. ఎల్లంకు పని నేర్పిన గురువు లేడు. చేసిన తప్పులే నేర్పాయి, అందుకే తప్పంటే అతనికి చచ్చేంత భయం.

నేను చెప్పబోయేది అతని కూతురు సృజన గురించి. ఆ పిల్లకు భయం తక్కువ.

ఫోటోగ్రఫీలో డిగ్రీ చదువుతానని ఆమె అన్న రోజు ఎల్లం నవ్వాడు. నిజంగానే అంటోందని అర్థమయ్యాక నవ్వు ఆగింది.

"ఫోటో తీసుడు గూడ కాలేజీల సదువుతరా? నేనేం సదివిన్నని? ఇప్పుడు ఫోన్లనే మస్తు సూపెడుతున్నరు. సూసి నేర్చుకో."

సృజన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. హైదరాబాద్ పోయి పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. మొదటి ఏడాదంతా తండ్రి ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాడు.

కెమెరా పట్టడం, వెలుతురు చూసుకోవడం ఆమెకు స్టూడియోలో ఆడుకుంటూనే వచ్చేశాయి. క్లాసులో అందరికంటే ముందుంటాననుకుంది. అక్కడ ఒక మేడమ్ ఫోటోను గోడకు అతికించి, తీసినవాళ్లను అందరి ముందూ నిలబెట్టి అడిగేది: "ఇక్కడే ఎందుకు నిలబడి తీశావు?" సృజనకు తోచింది ఒక్కటే: నాన్న అక్కడే నిలబడేవాడు, అంతే. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసి హాస్టల్‌కు పోయి ఏడ్చింది. పోను పోను ఏడుపు మాని జవాబులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. నాలుగేళ్లు చదివి తెచ్చుకున్నది ఈ ఒక్క ప్రశ్నేనా అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆ ప్రశ్న అడిగే దిక్కులేక జీవితమంతా ఒకే చోట నిలబడి ఫోటోలు తీసినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు.

తిరిగొచ్చిన పిల్లను ఎల్లం పాస్‌పోర్ట్ ఫోటోల దగ్గర కూర్చోబెట్టాడు. "గదుమ పైకి లేపుండ్రి, చెవులు కనవడాలె" అని చెప్పడానికా డిగ్రీ? సృజన కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు అడిగేసింది.

"ఒక్క పెండ్లి నా తీరుగ తియ్యనియ్ నాయినా. పుస్తె కాడ ఎవ్వల్ని ఆప. నువ్వు గూడ నోరు తెరవొద్దు. పెండ్లోళ్లు మాటంటే, ఇగ పెండ్లి కెమెరా ముట్ట. పాస్‌పోర్టులు తీసుకుంటనే కూసుంట."

"మాట మీద ఉంటవా?"

"ఉంట."

ఆ పెళ్లి హవేలిఘనపూర్ అమరేందర్ రెడ్డి కూతురు ఆశ్రితది. పొలాలు, రైస్‌మిల్లు, కొంత రాజకీయం ఉన్న ఇల్లు. వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా ఎల్లందే కెమెరా. ఈసారి కెమెరా కూతురికిచ్చి, తాను వీడియో పట్టుకుని, పెదాలు బిగించుకుని పక్కన నిలబడ్డాడు.

పంతులు సైగ చేశాడు. బాజాలు ఊపందుకున్నాయి. పెళ్లికొడుకు హర్షిత్ పుస్తె ఎత్తి, ఆశ్రిత మెడ దగ్గరికి తెచ్చి, ఆగిపోయాడు. ఎవరూ ఆపలేదు, తనే ఆగాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూసిన పెళ్లిళ్లన్నీ అట్లాగే జరిగాయి మరి. కెమెరా వైపు తిరిగి పళ్లు చూపిస్తూ నిలబడ్డాడు. అలవాటు కొద్దీ పంతులు మంత్రం ఆపాడు. అక్షింతలు పట్టుకున్న చేతులు గాలిలో నిలిచిపోయాయి. హాలు హాలంతా సృజన సెలవు కోసం చూస్తోంది.

సృజన కెమెరా కిందికి దించింది.

"నన్నేం జూస్తున్నరు సార్? ఆమెను జూడుండ్రి."

హర్షిత్ ఉలిక్కిపడి ఆశ్రిత వైపు తిరిగాడు. ఆ రోజంతట్లో ఆ పిల్లను అతను సరిగ్గా చూసింది అప్పుడే. కట్టబోతే ముడి జారింది, ఆశ్రితకు నవ్వొచ్చి పెదవి కొరుక్కుంది. సృజన అప్పటికే అతని వెనక్కి నడిచి, ఆశ్రిత ముఖాన్ని పట్టేసింది.

తలంబ్రాలు కాగానే అమరేందర్ రెడ్డి వచ్చి కెమెరాలో ఫోటో చూశాడు.

"మా అల్లుని మొకం ఏది? వియ్యపురాలు అడిగితే ఈపు జూపెట్టాల్నా?"

"మొకం రాలేదు సార్, నిజమే. ఆయన మీ బిడ్డను జూస్తున్నడు."

"గవన్నీ నాకద్దు. పుస్తె మళ్లొకసారి పట్టుకొమ్మను, ముందటి నుంచి తియ్."

"కట్టిన పుస్తెను మళ్ల పట్టిచ్చి తియ్య సార్."

అమరేందర్ రెడ్డి ఎల్లం వైపు తిరిగాడు. "పెండ్లికి వోతు పిల్లిని సంకల పెట్టుకొచ్చినట్టు గీమెనెందుకు తెచ్చినవ్ రా? నువ్వు తియ్."

ఎల్లం చెయ్యి చాపాడు. సృజన కెమెరా ఇవ్వలేదు. తండ్రీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుంటుండగానే, ఆశ్రిత పుస్తెను పిడికిట్లో మూసుకుంది.

"ఒక్కసారి కట్టిండు, సాలు డాడీ."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. కూతుర్ని ఏమీ అనలేక ఆ కోపమంతా ఎల్లం మీద కుమ్మరించాడు. ఇంకోసారి తమ ఇళ్ల ఛాయలకు రావద్దన్నాడు.

మరునాడు స్టూడియో తెరవగానే ఎల్లం పాస్‌పోర్ట్ ఫోటోల గది చూపించాడు. "మాటన్నరు. నన్ను నలుగుర్ల తిట్టిండ్రు. పోయి కూసో."

"కూసోను."

"మాట తప్పుతవా?"

"తప్పుత. ఇయ్యాల తూప్రాన్‌ల ఒప్పుకున్న పెండ్లి నేనే తీస్త. గట్లనే తీస్త." సృజన ఆ గది వైపు చూడనైనా లేదు. "నీకు ఎవ్వలు నేర్పలేదని, నాకు నేర్పినోళ్ల మీద కోపమా నాయినా?"

 ఎల్లం కౌంటరు మీది బట్ట తీసి, తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"కోపమే," అన్నాడు. "సొంతంగ నేర్చుకున్న, సొంతంగ నేర్చుకున్న అని అందరికి చెప్పుకుంట తిరిగిన. నేర్పుమని అడగవోతే లోపటికి రానిచ్చినోడు లేడు బిడ్డా. బయట నిలవడి అద్దంలకెల్లి సూసిన. నీకేమో సీటిచ్చి, పిలిచి, కూసోవెట్టి నేర్పిరి."

సృజనకు ఏడుపొచ్చింది. అయినా దిగిరాలేదు. కెమెరా సంచి భుజానికి తగిలించుకుని, లైటు స్టాండు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"అయితె రా. ఆపకుంట ఎట్ల తియ్యాల్నో నేను నేర్పుత. నడుమల నోరు తెరిస్తే మాత్రం బయటికి పంపిస్త."

ఎల్లం స్టాండు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. తర్వాత షట్టరు దించి తాళం వేసి, తూప్రాన్ బస్సుకని ఆమె వెనకాలే బస్టాండుకు నడిచాడు.