వంతెన కట్టమన్న మనిషి

అండమాన్‌లో రంగత్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ వంతెన సభ నుంచి వస్తోంది. సముద్రపు పాయ మీద వంతెన కట్టాలా వద్దా అని అధికారులు ఊరివాళ్లను అడిగిన సభ అది.

"ఇళ్లు పోతాయని అందరూ వద్దన్నారు భయ్యా. నానొక్కర్తినే కట్టండన్నాను."

"మీ ఇల్లు పోదా?"

"ముందు పోయేది మాదే. మా ఆయనకి గుండెనొప్పొచ్చిన రోజు జెట్టీకాడ బోటు లేదు. ఒడ్డుమీదే పోనాడు. ఇల్లంటే ఫిర్ సే, మళ్లీ కట్టుకుంటాను."

వెనక సీట్లలో ఆమె ఊరివాళ్లే ఉన్నారు. ఒక్కరూ ఆమెను పలకరించలేదు. ఆమె దిగేటప్పుడు కాళ్ల దగ్గరున్న చేపల గంప నేనే అందించాను.

తర్వాత వంతెన అక్కడే కట్టారు. మొన్న దాని మీద అంబులెన్స్ ఎదురొస్తే, మా డ్రైవర్ బస్సు పక్కకు తీసి దారిచ్చాడు.