మత్తులో ఉన్నదెవరు?

మా బావకి పాలవాడి మీద అనుమానం, పాల మీద అనుమానం, ఆ పాలు కాచిన మా అక్క మీద కూడా కాస్త అనుమానమే. తలుపుకి తాళం వేసి నాలుగడుగులు నడిచాక వెనక్కి వెళ్లి లాగి చూస్తాడు. వీధి మలుపు దాకా వచ్చి మళ్లీ వెళ్తాడు. "ఇందాక చూసింది నువ్వేగా బావా" అంటే, "చూశాననుకుంటున్నా, చూశానో లేదో ఎవరికి తెలుసు?" అంటాడు. ఇలాంటి మనిషితో మా అక్క ఇరవై ఆరేళ్లు కాపురం చేసిందంటే దాని ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఆస్పత్రిలో అందరూ ఆయన్ని అనుమానప్పక్షి అనేవాళ్లు. పిలవడానికి పొడుగైందని "పక్షి" అని కుదించేశారు. ఆపరేషన్ గదిలో మత్తు యంత్రం చూసుకోవడం ఆయన పని. పొద్దున్నే వచ్చి గొట్టాలన్నీ విప్పి, మళ్లీ బిగించి, చివర అరచెయ్యి పెట్టి గాలి వస్తోందో లేదో చూసేవాడు. తర్వాత అదే గొట్టం చెంపకి ఆనించుకుని చూసేవాడు, చేతిని నమ్మేవాడు కాదు మరి. ఒకసారి ఎవరి కంటికీ కనిపించని పగులు ఆ చెంపకే తెలిసింది. ఆరోజు నుంచి పెద్దడాక్టరు పక్షి లేనిదే కత్తి పట్టేవాడు కాదు.

నేనూ అక్కడే నర్సుని. పేషెంట్లని లోపలికి పంపేముందు సిద్ధం చేసేదాన్ని, బయటికొచ్చాక మెలకువ వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండేదాన్ని.

బావకి అన్నిటికంటే పెద్ద అనుమానం అంటించిపోయింది ఒక రిటైరైన మాస్టారు. హెర్నియా ఆపరేషన్‌కి వచ్చి, బల్ల మీద పడుకుని కూడా పాఠం ఆపలేదాయన. "నాయనా, నిద్ర లేచాక నువ్వేమంటావు? హాయిగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు అంటావు. ఏమీ తెలియలేదన్న సంగతి నీకెలా తెలిసింది? ఒళ్లు పడుకుంది, మనసూ పడుకుంది. లోపల ఒకడు మాత్రం మేలుకుని చూస్తున్నాడు. వాడే సాక్షి. జీవుడంటే అసలు వాడేనయ్యా, ఈ పేరూ ఊరూ కాదు." అంతలో మత్తు ఎక్కింది.

లేవగానే మాస్టారు అడిగిన మొదటి మాట, "ఇంకా మొదలుపెట్టలేదా?"

"అయిపోయి గంటన్నరైంది. మరి మీ సాక్షి ఎటు పోయాడు మాస్టారూ?" అన్నాడు బావ. పాపం, ఆ పెద్దాయన ముఖం పాలిపోయింది. ఇంటికెళ్లే రోజు మా నర్సుల బల్ల దగ్గర ఆగి, "నిద్ర వేరు, మత్తు వేరు కాబోలు, ఆలోచించి చెప్తాను" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇక మా బావకి ఆ పిచ్చి పట్టుకుంది. ఎవరికి మెలకువ వచ్చినా మంచం దగ్గర వాలిపోయేవాడు. "ఏమైనా తెలిసిందా? అక్కడ ఏదైనా ఉందా? నువ్వున్నావా?" అని పోలీసులా గుచ్చి గుచ్చి అడిగేవాడు. మత్తు దిగని మనిషి ఏం చెప్తాడండీ? ఒకళ్లు ఏడుస్తారు, ఒకళ్లు కక్కుతారు. "తెలియలేదు" అన్నదాకా వదిలేవాడు కాదు, అన్నాక తల పంకించి వెళ్లిపోయేవాడు. ఇలా ఇరవై ఏళ్లు.

ఆ ఇరవయ్యో ఏట ఆయనకే కడుపులో పోటు వచ్చింది. స్కాన్ తీస్తే పిత్తాశయం నిండా రాళ్లు, పైగా చీము. "రేపు పొద్దున్నే తీసెయ్యాలి. పగిలిందా, ఇక నా చేతుల్లో ఉండదు" అన్నాడు పెద్దడాక్టరు.

బావ మంచం మీద మెలికలు తిరుగుతూనే, "చేయించుకోను" అన్నాడు.

అక్క కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఊహూ. నన్ను దగ్గరికి పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఇరవై ఏళ్లు అడిగానే. మెలకువ రాగానే అందర్నీ అడిగాను. ఒక్కడంటే ఒక్కడు నేనున్నానని అనలేదు. మత్తులో ఎవడూ ఉండడు, సాక్షీ లేడు, గీక్షీ లేడు. లోపలికెళ్లినవాడు అక్కడితో సరి. లేచినవాడెవడో, వాడికి పాత పేరు తగిలించి ఇంటికి పంపుతున్నాం. రేపు నన్ను పోగొట్టి, ఎవడినో తెచ్చి మీ అక్క పక్కన పెడతారా?"

"ఎవరో ఒకరు, ప్రాణంతో వస్తే చాలండీ!" అని గొల్లుమంది, వెనకే నిలబడి అంతా విన్న అక్క.

"విన్నావా? ఎవడైనా ఫరవాలేదట" అన్నాడు బావ.

ఇంకొకప్పుడైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఆరోజు నవ్వలేకపోయాను. ఎందుకంటే ఆ ఇరవై ఏళ్ల సాక్ష్యం నేను చెప్పించింది.

ఏం చెయ్యమంటారు? వాళ్ల వాంతులు ఎత్తింది నేను, బెదిరిపోతే వీపు నిమిరింది నేను. రెండో నెల నుంచే విసుగెత్తి, లోపలికి పంపేటప్పుడు ప్రతివాళ్ల చెవిలో ఊదేదాన్ని. "మెలకువ రాగానే పొడుగాయన ఒకడొచ్చి ఏమైనా తెలిసిందా అంటాడు. ఏమీ తెలియలేదని చెప్పెయ్యండి, లేకపోతే ప్రాణం తోడేస్తాడు." అందరూ బుద్ధిగా అలాగే చెప్పేవాళ్లు. నాకు హాయిగా ఉండేది.

ఇదంతా కక్కేశాను. బావ కళ్లు చిన్నవి చేసి విన్నాడు.

"నన్ను బల్లెక్కించడానికి ఇప్పుడు అల్లుతున్నావు" అన్నాడు.

"అల్లడానికి నేనేమన్నా స్వెటర్లు అల్లేదాన్నా? నిజం చెప్తే నమ్మవు, అబద్ధం చెప్తే ఇరవై ఏళ్లు నమ్మావు! ఆ దర్జీ ఆవిడ గుర్తుందా? గర్భసంచి తీశారు, కిటికీ పక్క మంచం. నువ్వు రాకముందే లేచింది. నా మణికట్టు పట్టుకుని, 'నేనున్నానమ్మా. పేరు లేదు, నొప్పి లేదు, చెయ్యాల్సిన పనేం లేదు. ఉన్నాను, అంతే' అంది. ఇదెక్కడి గొడవరా దేవుడా అనుకుని, 'సరే సరే, ఆయనతో మాత్రం ఏమీ తెలియలేదను' అన్నాను. నువ్వొచ్చి అడిగావు. నా వైపు చూసి, ఏమీ తెలియలేదని చెప్పింది."

"ఆ మాట చెప్తూ ఏడ్చింది. కుట్ల నొప్పేమో అనుకున్నాను" అన్నాడు బావ.

నేను ఆయన దుప్పటి సర్దాను.

"ఎంత పని చేశావే" అన్నాడు. తిట్టినా బాగుండేది. "నా మీద కోపం లేదు కదా నీకు? మరెందుకే అంతమంది నోళ్లు నొక్కేశావు?"

"నాకేం తెలుసు బావా, నువ్వు దాని మీద ప్రాణమే పెట్టుకున్నావని!" అని భోరుమన్నాను.

కాసేపటికి పోటు తగ్గి కళ్లు తెరిచాడు. "ఆవిడ మాట మాత్రం నమ్మాలనేముంది? లేస్తూ లేస్తూ వచ్చిన కలైనా కావచ్చు" అన్నాడు. "కానీ లేదనీ చెప్పలేను ఇప్పుడు. ఇరవై ఏళ్లు తెలుసనుకున్నాను. ఏమీ తెలియదు నాకు. ఆ ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం ఇలా తే." సంతకం పెట్టాడు.

మర్నాడు గొట్టం నేను చెంపకి ఆనించి చూసేదాకా మూతి మీద మాస్క్ పెట్టనివ్వలేదు. మత్తు ఎక్కాక ఆయన తల దగ్గరే నిలబడ్డాను. రెండు గంటలూ ఆ ముఖమే చూశాను. ఊపిరి ఆడుతోంది, గుండె కొట్టుకుంటోంది, మనిషి మాత్రం లేడు. లేడనే అనిపించింది, నిజంగా భయమేసింది. ఇన్నేళ్లూ ఈ ముఖాలు చూస్తూ ఆయన పడ్డ భయం ఇదన్నమాట అనుకున్నాను.

మెలకువ వచ్చింది. ఆ మాస్టారిలా "ఇంకా మొదలుపెట్టలేదా" అనలేదు. పైకప్పు కేసి చూశాడు, అక్క కేసి చూశాడు. ఏదో చెప్పబోయి పెదవులు కదిపాడు. నేను ఆత్రంగా ముందుకి వంగాను. నన్ను చూసి నోరు మూసుకున్నాడు.

ఆరేళ్లయింది. మనిషి కులాసాగానే ఉన్నాడు. పేషెంట్లని అడగడం ఆ రోజుతో మానేశాడు, ఎందుకని అడిగితే వేరే మాటెత్తుతాడు. అక్కకి మాత్రం చెప్పాడని నాకు అనుమానం. మొన్న ఇద్దరం బట్టలు మడతపెడుతుంటే ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, బావ ఆరోజు లేచాక నీకేం చెప్పాడే?"

అక్క చేతిలో దుప్పటి ఒక్క క్షణం ఆగింది.

"ఏమీ తెలియలేదన్నారు" అంది, నా వైపు చూడకుండా.

మళ్లీ అడిగే ముఖం నాకు లేదు.